గట్టు మీద ఒక గంట

మా అమ్మ ఉండే ఇల్లు గోదావరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆవిడ రాజమండ్రిలోనే పుట్టి, అక్కడే కాపురం చేసి, డెబ్బై ఆరేళ్ళ వయసులో ఇప్పటికీ అక్కడే ఉంటున్న మనిషి. (2015లో ఊరి పేరును అధికారికంగా రాజమహేంద్రవరం అని మార్చారు. అమ్మకు అది ఇంకా రాజమండ్రే. ఈ టపాలో నాకూ అంతే.) కిందటి వేసవిలో వెళ్ళినప్పుడు ఏదో మాటల సందర్భంలో, "గోదావరిని దగ్గరగా చూసి మూడేళ్ళు దాటిందిరా" అంది. దూరపు ఊళ్ళో ఉన్న చుట్టాన్ని తలుచుకున్నట్టు మామూలుగా అనేసి, మళ్ళీ గోరుచిక్కుడుకాయల ఈనెలు తీసుకోవడంలో పడింది.

నాకు మాత్రం ఆ మాట అక్కడితో పోలేదు. ఊరు విడిచి ఇరవై ఏళ్ళు దాటిన నాలాంటివాళ్ళం గోదావరి గురించి రాసుకున్న టపాలన్నీ ఒక్కచోట పేరిస్తే దవళేశ్వరం దగ్గర ఇంకొక ఆనకట్ట కట్టవచ్చు. అంతగా తలుచుకుంటాం. ఆ నది పక్కనే ఉన్న మనిషికి మూడేళ్ళుగా దాని దర్శనమే లేదు! ఎందుకు వెళ్ళలేదమ్మా అని అడిగితే ఎండ అంది, మోకాళ్ళు అంది, ఆటోవాడితో బేరం ఆడలేను అంది. నాలుగో కారణం ఒకటి ఉంది. అది చెప్పలేదు. తర్వాతి ఆదివారం నాకే తెలిసింది.

ఆ ఆదివారం చెల్లెలు, ఏడేళ్ళ మేనల్లుడు కూడా ఉన్నారు. పిల్లవాడికీ పెద్దావిడకీ ఇద్దరికీ కుదురుతుంది కదా అని ముందు ఒక పార్కుకు బయలుదేరాం. దాని పేరు చెప్పను. దాన్ని ఒక్కదాన్నే అనవలసిన పని లేదు. మన ఊళ్ళలో చాలావాటి తీరు అదే. మూడున్నరకు చేరేసరికి గేటుకు తాళం. "నాలుగున్నరకి తెరుస్తామండీ" అన్నాడు కాపలా అతను, మర్యాదగానే. ప్రహరీ గోడ నీడ జరుగుతూ ఉంటే దానితోపాటు మేమూ జరుగుతూ గంటసేపు నిలబడ్డాం. లోపలికి వెళ్ళి పచ్చిక మీద అడుగు పెట్టాడో లేదో, పిల్లవాడి మీద ఈల మోగింది. గడ్డి తొక్కకూడదట. ఊయలలు ఖాళీ లేవు. గాలి నింపిన రబ్బరు కోట ఎక్కడానికి ఒక టికెట్టు, బుల్లి రైలుకు ఇంకొక టికెట్టు. అమ్మకు ఒక సిమెంటు బల్ల దొరికింది గాని, దానికి వీపు ఆనించుకునే చోటు లేదు, పైన చెట్టు లేదు, బల్ల కాలుతోంది. చెల్లెలు చున్నీ మడిచి వేస్తే దాని మీద కూర్చుంది. పది నిమిషాలయ్యాక, "ఇక్కడెందుకురా, గట్టు మీదకి పోదాం" అంది.

రాజమండ్రి వాళ్ళకు గట్టు అంటే గోదావరి గట్టే. వేరే విశేషణం అక్కరలేదు.

ఒక రేవు దగ్గర ఆటో దిగాం. మెట్లు వెడల్పుగా, శుభ్రంగానే ఉన్నాయి. పట్టుకుని దిగడానికి మాత్రం కమ్మీ లేదు. అమ్మ పై మెట్టు దగ్గరే ఆగిపోయింది. అక్కడ ముంజెలు అమ్ముకుంటున్న ఆవిడ తను కూర్చున్న ప్లాస్టిక్ స్టూలు మీంచి లేచి, "కూకోండి అమ్మగారూ" అని ఇచ్చింది. మేనల్లుడు నాలుగు మెట్లు దిగి నిలబడ్డాడు. వాడి చొక్కా వెనకనుంచి చెల్లెలి పిడికిట్లో ఉంది. వంతెన మీద రైలు పోతుంటే వాడు పెట్టెలు లెక్కపెట్టాడు. పైనుంచి అమ్మ కూడా లెక్కపెట్టింది. ఇద్దరి లెక్కా కలవలేదు. ఎవరిది సరైనదో తేలాలంటే ఇంకొక రైలు రావాలన్నాడు వాడు.

ఇంకొక రైలు రాకముందే, ఇరవై నిమిషాలు కాకుండానే, "ఇంక లేద్దాం" అంది అమ్మ. ఇప్పుడే కదమ్మా వచ్చాం అంటే నాకు జవాబివ్వకుండా చెల్లెలి చెవిలో ఏదో చెప్పింది. ఇంటికి వచ్చాక చెల్లెలు నాకు చెప్పింది. అమ్మ ఆ రోజు మధ్యాహ్నం నుంచి మంచినీళ్ళు తాగలేదు. బయటికి వెళ్ళే రోజు ఆవిడ ఎప్పుడూ తాగదట. అయినా అంతకంటే ఎక్కువసేపు ఓర్చుకోలేకపోయింది. మే నెలలో, రాజమండ్రి ఎండలో, అంత నీటి పక్కన కూర్చోవడానికి ఒక మనిషి నీళ్ళు మానుకుని రావలసి ఉంది. ఎందుకో ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. మగవాళ్ళకు, నాతో సహా, చెప్పాలి: దగ్గరలో వాడదగిన మరుగుదొడ్డి ఉంటుందన్న నమ్మకం లేక. నాలుగో కారణం అదీ.

సరే, అసలు విషయానికి వస్తాను. ఒక ఊళ్ళో పార్కులూ విహారస్థలాలూ బాగున్నాయా లేదా అని చూడడానికి ఆ రోజు నుంచి నాకు ఒకే కొలబద్ద మిగిలింది. డెబ్బై ఆరేళ్ళ ఆవిడా ఏడేళ్ళ పిల్లవాడూ, టికెట్టు కొనకుండా, నీళ్ళు తాగి మరీ వచ్చి, ఒక గంట కూర్చోగలిగిన చోటు ఆరుబయట ఎక్కడైనా ఉందా? ఆ గంట దొరకని ఊళ్ళో ఎన్ని ఆకర్షణలు కట్టినా అవి వచ్చిపోయేవాళ్ళ కోసం కట్టినవే అవుతాయి గాని ఊరివాళ్ళ కోసం కట్టినవి కావు. నదీతీరాన ఉన్న ఊళ్ళు ముందు ఆ గంటను సంపాదించి, తర్వాతే మిగతావాటి జోలికి పోవాలని నా అభిప్రాయం.

చూడదగ్గ చోట్లకు మా ఊరి చుట్టుపక్కల కొదవేమీ లేదు. దవళేశ్వరంలో, 1847 నుంచి 1852 వరకు కాటన్ దొర కట్టించిన ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ ఉంది. కాటన్ మ్యూజియం ఆవరణలో ఆరుబయట పెట్టిన పాత యంత్రాల చుట్టూ పిల్లలు ఎంతసేపైనా తిరుగుతారు. అఖండ గోదావరి అక్కడే పాయలుగా విడిపోతుందని పుస్తకంలో చదవడం వేరు, బ్యారేజీ మీద నిలబడి లంకల వైపు చేయి చాపి చూపించడం వేరు. కడియం వెళితే ఎకరాల కొద్దీ మొక్కల తోటలు. పైకి వెళితే పాపికొండలు. ఊళ్ళోనే గోదావరి మీద వంతెనల వరస. చుట్టాలు వస్తే చూపించడానికి మూడు రోజులు చాలవు.

ఇవన్నీ మంచివే. నేనూ గర్వంగా చూపించినవాణ్ణే. అయితే వీటిలో ఏ ఒక్కటీ ఒక మంగళవారం సాయంత్రం, పిల్లలు బడి నుంచి వచ్చాక, రాత్రి వంట మొదలుపెట్టేలోగా ఒక ఇల్లాలు వెళ్ళి రాగలిగినది కాదు. పాపికొండల ప్రయాణానికి ఒక రోజు పోతుంది; నలుగురున్న కుటుంబానికి నెల ఖర్చులో చెప్పుకోదగిన భాగం పోతుంది. ఏడాదికి ఒకసారి చేసే ప్రయాణం అది. మిగిలిన 364 సాయంత్రాల మాటేమిటి? చుట్టానికి చూపించే ఊరు ఒకటి, మనం బతికే ఊరు ఒకటి అయిపోతున్నాయి. ప్రణాళికలూ ప్రకటనలూ మొదటిదాని చుట్టూ తిరుగుతున్నాయి. రెండోదాన్ని అడిగేవాళ్ళు లేరు, ఎందుకంటే అడగవలసినవాళ్ళు గోరుచిక్కుళ్ళు వలుచుకుంటూ ఇంట్లో ఉన్నారు.

ఒక చిన్న లెక్క వేసి చూశాను. పట్టణ ప్రణాళిక గురించి కేంద్ర ప్రభుత్వం 2014 నాటి మార్గదర్శకాలలో మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని చెప్పింది. 2011 జనాభా లెక్కల ప్రకారం రాజమండ్రి జనం సుమారు 3.4 లక్షలు. తక్కువ పక్షం 10 మీటర్లే అనుకున్నా 34 లక్షల చదరపు మీటర్లు కావాలి. అంటే 340 హెక్టార్లు, దాదాపు 840 ఎకరాలు. గజాల లెక్కన స్థలాలు అమ్ముడుపోయే ఊళ్ళో 840 ఎకరాలు ఎవరు తేగలరు? ఎంత మంచి పాలకుడు వచ్చినా కాలనీకి ఒక అరెకరం, చెరువు చుట్టూ ఒక నడక దారి, అంతకు మించి చేయలేడు. చేసినా ఆ లెక్కలో అది ఒక మూలకు రాదు.

కాని ఊరికి పడమటి హద్దు పొడుగునా, ఎవరూ కొననక్కరలేని, ఎవరూ చదును చేయనక్కరలేని ఖాళీ ఒకటి ఉంది. అక్కడ గోదావరి వెడల్పు రెండు కిలోమీటర్లకు పైమాటే. ఊరివాళ్ళకు ఆ నీళ్ళ మీద నడిచే పని లేదు. దాని అంచున కూర్చోగలిగితే చాలు. ఆ చివర కొవ్వూరు వైపు పొద్దు దిగుతుంటే చూసే కంటికి అంత జాగా ఒక్కసారిగా దొరుకుతుంది. ఏ పార్కూ ఇవ్వలేనిది అది. ఊరికి ఉన్న అతి పెద్ద పార్కు గోదావరే. మనం చేయవలసిందల్లా దానికి దారి వేయడం.

దారి లేదా, అన్ని రేవులున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. కోటిలింగాల రేవు, పుష్కరాల రేవు, మార్కండేయ ఘాట్, గౌతమీ ఘాట్... వరసగా ఉన్నాయి. ఇక్కడే నాకు ఒక అనుమానం కలిగింది. రేవు అనే మాట పోయి ఘాట్ అనే మాట రావడంతోపాటు ఇంకేదో కూడా పోయింది. రేవు అంటే నలుగురూ నాలుగు పనుల మీద చేరే చోటు. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చేవరకు కొవ్వూరు వెళ్ళే లాంచీ ఎక్కాలన్నా రేవుకే వెళ్ళాలి. స్నానానికి వచ్చినవాళ్ళు, బిందె ముంచుకునేవాళ్ళు, లాంచీ కోసం ఎదురుచూసేవాళ్ళు, ఏ పనీ లేక వచ్చినవాళ్ళు అందరూ అక్కడే. ఎదురుచూసే మనుషులున్న చోట నీడ ఉంటుంది, కూర్చోవడానికి ఒక అరుగు ఉంటుంది. అమ్మ చెప్పే చిన్ననాటి రేవులో ఒక రావి చెట్టు ఉంటుంది. ఆ చెట్టు కింద లాంచీ తప్పిపోయినవాళ్ళ కబుర్లు ఉంటాయి.

ఘాట్‌ను కట్టేది పుష్కరాల జనసందోహాన్ని మనసులో పెట్టుకుని. పన్నెండేళ్ళకొకసారి పన్నెండు రోజులు లక్షల మంది ఒక్కసారిగా దిగి, మునిగి, పైకి రావాలి. అలాంటి చోట చెట్టు అడ్డం, బల్ల అడ్డం, కమ్మీ కూడా అడ్డమే అనిపిస్తుంది ఇంజనీరుకు. కాబట్టి మెట్లూ, పలకలూ, ఖాళీ. ఆ పన్నెండు రోజులకు అది సబబే. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజు పొద్దున్నే తొక్కిసలాటలో పాతికమందికి పైగా పోయిన ఊరు మాది. జనం కదలడానికి చోటు ఉండాలన్న మాటను తేలిగ్గా తీసుకోమని నేను అనను. కాని పుష్కరానికీ పుష్కరానికీ మధ్య 4,371 రోజులుంటాయి. ఆ రోజుల్లో వచ్చే నలుగురికి ఆ ఖాళీ ఉత్త కాలే పలక. మెట్ల మీద అడ్డం లేకుండా ఉంచి, మెట్లకు వెనక, గట్టు మీద, దారి పొడుగునా నీడా కూర్చునే చోటూ ఏర్పాటు చేయవచ్చు. పుష్కరాల్లో గంటల తరబడి వరసలో నిలబడే యాత్రికులకు కూడా ఆ నీడ అవసరమే.

నీడ గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. రాజమండ్రి రేవులకు గోదావరి పడమటన ఉంది. సాయంత్రపు ఎండ నీళ్ళ మీదుగా సూటిగా వచ్చి ముఖాన కొడుతుంది. అక్కడ నిటారుగా పెరిగే పామ్ చెట్లను వరసగా నాటితే ఫోటోకు బాగుంటుంది గాని ఒక మనిషి తలకు సరిపడా నీడ కూడా రాదు. గొడుగులా విచ్చుకునే చెట్టు కావాలి: రావి, మర్రి, కానుగ, నిద్రగన్నేరు. ఇవి ఎక్కడ దొరుకుతాయని వెతకనక్కరలేదు. పక్కనే కడియం ఉంది! అక్కడి నుంచి లారీలలో మొక్కలు దేశమంతా వెళతాయి. ఎదిగిన చెట్లను వేరు మట్టితో సహా పెకలించి, గోనెసంచి చుట్టి, దూరపు నగరాల గేటెడ్ కాలనీలకు పంపడం అక్కడివాళ్ళకు చేతనైన విద్య. కొత్త సంవత్సరం వస్తే మొక్కలనే పేర్చి అక్షరాలు రాస్తారు, బొమ్మలు కడతారు. అన్ని ఊళ్ళకూ నీడను అమ్మే చోటికి కూతవేటు దూరంలో ఉండి మా అమ్మ కాలే బల్ల మీద చున్నీ వేసుకుని కూర్చుంది. ఇది డబ్బు లేక వచ్చిన లోటంటే నేను నమ్మను. ఎవరికీ తట్టక వచ్చిన లోటు.

ఇక దీనికి వచ్చే అభ్యంతరాలు. నాకు నేను వేసుకున్నవీ, మిత్రులు వేసినవీ కలిపి రెండు ముఖ్యమైనవి.

మొదటిది: నది ఆటవస్తువు కాదు, పిల్లల్ని దాని ఒడ్డుకు అలవాటు చేయడం ప్రమాదం. ఇది ఉత్త భయం కాదని ఒప్పుకుంటాను. 1986 ఆగస్టు వరదను చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ కథ గొంతు తగ్గించి చెబుతారు. దవళేశ్వరం దగ్గర నీరు 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. వరద రోజుల్లో మా ఇళ్ళలో ఈ అంకెలు క్రికెట్ స్కోరులా నోట్లో నానుతుంటాయి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళుతున్న పడవ కచ్చులూరు దగ్గర మునిగి పదుల సంఖ్యలో జనం పోయారు. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఆ విహారయాత్రలు ఆగిపోయాయి. గోదావరి అందం గురించి రాసేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టడం తప్పు.

అయితే భయానికి మందు తలుపు మూయడం అనుకుంటే చిక్కు వస్తుంది. ఊరు వెనుదిరిగిన ఒడ్డు భద్రంగా ఉండదు, నిర్మానుష్యంగా ఉంటుంది. కుటుంబాలు రాని చోటికి ఎవరు వస్తారో మనందరికీ తెలుసు. కమ్మీలు, చివరి మెట్టుకు గొలుసు, ఎంత లోతో చెప్పే పలక, వరద రోజుల్లో మూసే గేటు, గస్తీకి ఒక పడవ, ఈత వచ్చిన ఇద్దరు మనుషులు: ఇవేవీ అసాధ్యమైనవి కావు. పుష్కరాల్లో మనమే చేస్తాం. ఆ పన్నెండు రోజులూ ప్రాణం విలువైనదైతే మిగిలిన రోజుల్లోనూ అంతే విలువైనది. పైగా, గోదావరి పక్కన పుట్టి దాని ఒరవడి ఎలా ఉంటుందో తెలియకుండా పెరిగే పిల్లవాడే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాడని నాకనిపిస్తుంది. ఏ మెట్టు నాచు పట్టి జారుతుందో, ఏ రంగు నీరు వస్తే వరద రాబోతోందో మాకు పెద్దవాళ్ళు ఒడ్డున కూర్చునే చెప్పారు.

రెండోది: ఊరికే ఇస్తే ఎవరూ పట్టించుకోరు, టికెట్టు పెడితేనే శుభ్రం, నిర్వహణ. ఇందులో కొంత నిజం ఉంది. బుల్లి రైలుకూ పడవ షికారుకూ టికెట్టు పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. కట్టుదిట్టంగా కంచె వేసిన పార్కులంటే కూడా నాకు ద్వేషం లేదు. మా నాన్న చివరి ఏడాది వరకు పొద్దున్నే నడిచింది అలాంటి ఒక పార్కులోనే. ఆయన స్నేహాలన్నీ అక్కడివే. కాని కూర్చోవడానికి టికెట్టు పెట్టకూడదు. నీడకు టికెట్టు పెట్టకూడదు. రోజుకూలి చేసుకునే ఇంట్లో నలుగురికి మనిషికి ఇరవై చొప్పున అంటే ఎనభై రూపాయలు. ఆ ఇల్లాలు ఆ ఎనభైతో ఏం కొనవచ్చో మనసులో లెక్క వేసుకుని, "మళ్ళీ ఎప్పుడైనా వెళదాంలే" అని పిల్లలతో అంటుంది. ఆ "మళ్ళీ" ఎప్పుడు వస్తుందో మనకు తెలియనిది కాదు. మరుగుదొడ్డి శుభ్రంగా ఉంచడానికి జీతం ఇచ్చి మనిషిని పెట్టాలి. ఆ జీతం వీధిదీపం ఖర్చులాంటిది. వీధిదీపం కింద నడిచినందుకు మనం ఎవరికీ టికెట్టు అమ్మడం లేదు.

ఇప్పుడే ఇదంతా ఎందుకంటే, 2027లో గోదావరి పుష్కరాలు. పుష్కరాలంటే మా ఊరికి నిధులు వచ్చే కాలం. ఇంకో పన్నెండేళ్ళదాకా ఊరి ముఖం ఎలా ఉండాలో నిర్ణయమయ్యే కాలం. హేవలాక్ వంతెననూ పుష్కర ఘాట్‌నూ పర్యాటక స్థలాలుగా తీర్చిదిద్దడానికి అఖండ గోదావరి పేరుతో, 94 కోట్ల పైచిలుకు రూపాయల పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది.

హేవలాక్ వంతెన మాట వస్తే నా మనసు కూడా కొంచెం అదుపు తప్పుతుంది. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళను మోసి, పక్కన ఆర్చి వంతెన వచ్చాక విశ్రమించిన వంతెన. 56 ఖానాలు, రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్లు. మా నాన్న ఉద్యోగానికి వెళ్ళిందీ, అమ్మ పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య తిరిగిందీ ఒకే ఊళ్ళో అయినా, ఆ వంతెన దాటని పెళ్ళి గాని చావు గాని మా చుట్టరికంలో లేదు. దాని మీద కాలినడకన గోదావరి మధ్యకు వెళ్ళగలగడం నాకు చిన్ననాటి కల. ఆ పని జరిగితే మొదటి వారంలోనే టికెట్టు కొని మరీ వెళతాను, నా సూత్రాలను కాసేపు పక్కన పెట్టి.

అయినా నా ఓటు మాత్రం ముందు గట్టుకే. వంతెన మీద అద్దాల నడక దారీ రంగుల దీపాలూ వచ్చి, గట్టు మీద కమ్మీ లేకపోతే, మా అమ్మ ఆ దీపాలను ఎక్కడి నుంచి చూడాలి? ఏది ముందు, ఏది తర్వాత అన్నదే నా పేచీ. కుర్చీ, కమ్మీ, చెట్టు, మంచినీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి. మెట్లు దిగలేనివాళ్ళ కోసం, చక్రాల కుర్చీ కోసం, పసిపిల్లల బండి కోసం నీటి దగ్గరదాకా ఒక వాలు దారి. ప్రతి రేవులోనూ ఇవి ఉన్నాయా అని ఒక మనిషి కాగితం పట్టుకుని టిక్కులు పెట్టుకుంటూ రావాలి. అన్నింటికీ టిక్కు పడ్డాక, మిగిలిన డబ్బుతో రంగుల దీపాలు పెట్టుకుందాం. శంకుస్థాపన ఫలకం మీద రాయడానికి మరుగుదొడ్డి అందంగా ఉండదని తెలుసు. ఆ అందం కోసమే ఇన్నాళ్ళూ అది ఆఖరి వరసలో మిగిలిపోయింది.

ఈ టపా చదివే మిత్రుల్లో కృష్ణ ఒడ్డు వాళ్ళున్నారు, పెన్న ఒడ్డు వాళ్ళున్నారు, తుంగభద్ర ఒడ్డు వాళ్ళున్నారు. మీ ఊళ్ళో సంగతి రాయండి. అయితే రాసేముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో పెద్దావిడను అడగండి: బయటికి బయలుదేరే ముందు ఏమేం చేస్తావు, ఏమేం మానుకుంటావు అని. మొదటిసారి అడిగితే చెప్పరు. నేను డెబ్బై ఆరేళ్ళ వరకూ అడగలేదు కాబట్టి నన్ను ఆదర్శంగా తీసుకోకండి.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు తెల్లవారుజామున అమ్మను మళ్ళీ గట్టుకు తీసుకెళ్ళాను. ఐదున్నరకల్లా చేరాం. ఎండ లేదు. ఇంటి నుంచి ఒక మడత కుర్చీ తీసుకెళ్ళాం. మేనల్లుడు చెల్లెలి చేయి పట్టుకుని దిగి, చెంబుతో నీళ్ళు తెచ్చి అమ్మమ్మ చేతిలో పోశాడు. ఆవిడ తల మీద చల్లుకుంది. రెండు రైళ్ళు పోయాయి. ఈసారి లెక్క కలిసిందని ఇద్దరూ అన్నారు. నేను లెక్కపెట్టలేదు కాబట్టి నమ్మాలి. గంట గడిచింది.

బయలుదేరే ముందు ఒక గ్లాసు నీళ్ళు తాగమ్మా అని ఇచ్చాను. తీసుకుని, రెండు గుక్కలు తాగి, మిగిలింది తులసి కోటలో పోసింది.